బరువు కట్టే ముందు

లింబాయత్, సూరత్

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి రాసేది.

మొన్న రాత్రి నువ్వు పంపిన మెసేజి చూశాను. ఫోన్లో మాట్లాడదామంటే ఇటు మీ అత్త, అటు నీ గదిలో నలుగురు కుర్రాళ్లు. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వుండే సచిన్ వైపు వచ్చే మనవాడి చేతికి కవరు అంటించి ఇస్తున్నాను. చదివాక చింపుకో, దాచుకో, నీ ఇష్టం.

ముందే చెప్తున్నాను, నువ్వు అడిగినందుకు నాకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నిండినవాడివి, మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాడివి. ఈ గుబులు చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరంతే. నా కొలువంతా ఆస్పత్రి డ్రెస్సింగు గదిలోనే గడిచింది కదా. ప్యాంటు విప్పడానికి సిగ్గుపడి ఒక రాత్రి ఆగినవాళ్లు, ఆ ఒక్క రాత్రి వల్లనే ఎక్కువ పోగొట్టుకోవడం అక్కడ చూశాను. నువ్వు ముందే అడిగావు, మేలు చేశావు.

అంగానికి పట్టీ బిగించి బరువు వేలాడదీస్తే పొడవు పెరుగుతుందని విన్నావు. ఎన్ని గ్రాములతో మొదలుపెట్టాలి, వారానికి ఎంత పెంచాలి, దెబ్బ తగలకుండా ఎట్లా చేయాలి అని అడిగావు. చెప్తాను. కానీ ముందు ఇది తెలుసుకో: వేలాడే బరువు ఇంత నుంచి ఇంత దాకా క్షేమం అని వైద్యులు ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. వారానికి ఇంత పెంచు అని నీకు పట్టిక ఇచ్చినవాడు ఎవడైనా సరే, అది వాడి సొంత పట్టిక. నేను కూడా నీకు గ్రాముల పట్టిక రాసివ్వను. ఎందుకు ఇవ్వనో చదివితే నీకే అర్థమవుతుంది.

అసలు ఇదేమీ కొత్త విద్య కాదు. నాసిక్ కుంభమేళాకు మన పేట నుంచి కూడా బండ్లు కట్టుకొని పోతారు కదా. 2015 మేళాకు పోయివచ్చినవాళ్లను అడుగు. అంగానికి కర్ర చుట్టి మెలిపెట్టే నాగ సాధువుల గురించి, ఇటుకలు కట్టి ఎత్తేవాళ్ల గురించి చెప్తారు. జనం గుమిగూడి చూస్తారు, దండం పెడతారు. ఆ సాధువులు దాన్ని పెంచుకోవడానికి చేయరురా. కామాన్ని చంపుకోవడానికి చేస్తారు. ఏళ్ల తరబడి లాగి, నలిపి, అది ఇక నిక్కకుండా పోతే వాళ్ల తపస్సు ఫలించినట్టు. సన్యాసికి ఆ ఫలం సరే. మాఘంలో పీటల మీద కూర్చోబోయేవాడు అదే పని చేసి వేరే ఫలం రావాలని కోరుకుంటే ఎట్లా?

లోపల ఏముందో చెప్తాను, విను. అది జిమ్ములో పెరిగే చేతి కండలాంటిది కాదు. రెండు పొడవాటి స్పాంజి గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, వాటిలో రక్తం నిండితే నిక్కుతుంది. ఆ గొట్టాలను చుట్టి గట్టి తొడుగు ఒకటుంటుంది, దాన్ని టునికా అంటారు. కొలాజెన్ పోగులతో, కొంచెం సాగే పోగులతో అల్లిన పొర అది. మామూలప్పుడు 2 మిల్లీమీటర్ల మందం ఉండి, నిక్కినప్పుడు అర మిల్లీమీటరుకో అంతకంటే తక్కువకో పలచబడుతుంది. పైవైపున చర్మం కిందనే ఒక పెద్ద శిర పోతుంది. దాని అడుగున ధమనులు, స్పర్శ తెలిపే నరాలు ఉంటాయి. మొదలు దగ్గర గట్టి బంధనం ఒకటి మొత్తాన్ని ముందు ఎముకకు పట్టి ఉంచుతుంది. నువ్వు కింద బరువు కడితే లాగుడు ఒక్క తొడుగు మీదే పడదు. శిర, నరం, చర్మం, బంధనం అన్నీ ఒకేసారి లాగబడతాయి. వీటిలో ఏది ఎంత ఓర్చుకుంటుందో బయటి నుంచి నీకు కనపడదు.

నీకు మరమగ్గాల సాంచెలు తెలుసు కనుక ఆ లెక్కన చూడు. పడుగు భీముకు గొలుసు చుట్టి లివరుకు ఇనుప బిళ్లలు వేలాడదీస్తాం. బిళ్ల పెంచితే పడుగు బిగుస్తుంది. ఇంకోటి వేస్తే పోగులు పటపట తెగుతాయి. భీము మీద నూలు తరిగేకొద్దీ అదే బిళ్ల ఎక్కువ బిగువు ఇస్తుంది, కాబట్టి తెలిసిన పనివాడు భీము సన్నబడేకొద్దీ బిళ్లలు తగ్గిస్తూ వస్తాడు, లేదంటే లివరు మీద జరుపుతాడు. మీ తాత మనకు నేర్పిన మొదటి పాఠం అదే: బరువు మారకపోయినా బిగువు మారుతుంది. శరీరంలోనూ అంతే. చలి రోజున, నిద్ర చాలని రోజున, నిన్నటి నొప్పి ఇంకా దిగని రోజున, మొన్న ఓర్చుకున్న బరువే ఇవాళ ఎక్కువవుతుంది. సాంచెలో తెగిన పోగును ముడేసి మళ్లీ ఆడిస్తాం. తొడుగులో తెగిన పోగు మచ్చగా అతుకుతుంది, ఆ మచ్చ ఇక సాగదు.

ఆ మచ్చకే పెరోనీ జబ్బు అని పేరు. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ దగ్గర శస్త్రవైద్యుడిగా ఉన్న పెరోనీ 1743లో దాని గురించి రాశాడు. తొడుగులో ఒకచోట గట్టి ముద్ద ఏర్పడుతుంది. నిక్కినప్పుడు మిగతా భాగం సాగుతుంది, ఆ చోటు సాగదు, అంగం అటువైపు వంగిపోతుంది. కొందరికి నొప్పి, కొందరికి పొడవు తగ్గడం కూడా ఉంటుంది. చిన్న చిన్న దెబ్బలు పదేపదే తగలడం దీనికి ఒక కారణమని వైద్యులు భావిస్తారు. నొప్పి సాధారణంగా నెలల్లో తగ్గుతుంది గానీ, వంకర చాలామందిలో దానంతట అది పోదు. పొడవు కోసం మొదలుపెట్టి పొడవే పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఇప్పుడు అసలు భయం గురించి. అందరూ బరువు గురించే అడుగుతారు, నువ్వూ అట్లాగే అడిగావు. నా కళ్లముందుకు వచ్చిన ప్రమాదాలన్నీ బరువు వల్ల కాదు, పట్టు వల్ల. బరువు జారకుండా నిలవాలంటే ఎక్కడో బిగించాలి కదా. అక్కడ మొదలవుతుంది. లోపలికి రక్తం తెచ్చే ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ, బయటికి పంపే శిరల్లో తక్కువ. పట్టు కాస్త బిగిస్తే ముందు మూసుకుపోయేది శిరలే. రక్తం వస్తూనే ఉంటుంది, పోవడానికి దారి ఉండదు. ముందుభాగం ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ అదే పట్టు ఇంకా బిగుస్తుంది. అది బిగిసేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. చివరికి ధమని కూడా మూసుకుంటుంది. అప్పుడు నొప్పి తగ్గుతుంది. మనిషి హమ్మయ్య అనుకుంటాడు. నిజానికి స్పర్శ చచ్చిపోయింది కనుక నొప్పి పోయింది. ఇంతకంటే మోసం ఇంకోటి లేదు.

1991లో మన దేశపు వైద్యులే ఇట్లాంటి బిగుతు గాయాలకు ఐదు మెట్లు కట్టి ప్రచురించారు. మొదటి మెట్టులో ముందుభాగం వాపు మాత్రమే. తరువాత చర్మం, మూత్రనాళం దెబ్బతినడం, స్పర్శ తగ్గడం. ఐదో మెట్టులో కణజాలం కుళ్లి ముందుభాగం పోతుంది. ఇప్పటికీ చాలాచోట్ల వైద్యులు ఆ వరుసనే వాడుతారు. ఆ మెట్లు ఎక్కడానికి నెలలు పట్టవు అల్లుడా, గంటలు చాలు. ఉంగరం ఇరుక్కొని వచ్చినవాడికి కోత పరికరంతో దాన్ని తెంచుతుంటే, చర్మానికీ ఇనుముకూ మధ్య రేకు ముక్క దూర్చి పట్టుకొని నిలబడటం నా పని. ఆ గదిలో ఎవరూ ఎవరినీ తిట్టరు. అందరూ గడియారం వైపే చూస్తారు.

ఇన్ని చెప్పాక, లాగడం వల్ల పొడవు పెరగనే పెరగదు అంటే అది అబద్ధం అవుతుంది. నీకు అబద్ధం చెప్పను. వేలాడే బరువుతో కాదు, స్ప్రింగు బిగువుతో పనిచేసే సాగుదల పరికరాలతో డాక్టర్లు పరీక్షలు చేశారు. ఇటలీలో 2009లో ప్రచురించిన పరిశీలనలో 15 మంది ఆర్నెల్ల పాటు రోజుకు కనీసం 4 గంటలు వాడితే సాగదీసిన పొడవు సగటున 1.7 సెంటీమీటర్లు పెరిగింది. లావు పెరగలేదు. చిన్న పరిశీలన అది, పోల్చి చూడటానికి పరికరం వాడని జట్టు కూడా అందులో లేదు. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు పెరోనీ జబ్బున్న 110 మందితో కొంచెం గట్టిగా చేశారు. కొందరికి పరికరం ఇచ్చి కొందరికి ఇవ్వలేదు. రోజుకు అరగంట నుంచి గంటన్నర, మూడు నెలలు. ఇచ్చినవాళ్లకు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పెరిగింది, మిగతావాళ్లకు ఏమీ లేదు. వాళ్లు జబ్బు మనుషులు, నువ్వు కాదు, అది గుర్తుంచుకో.

దీన్నిబట్టి నాకు తేలింది ఇది. డాక్టరు చూస్తుండగా, కొలిచిన బిగువుతో, నెలల తరబడి ఓపిక పడితే వచ్చేది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. వేలి గోరంత. పైగా స్ప్రింగు రెండు వైపులా సమంగా లాగుతుంది, నువ్వు కదిలినా కుదుపు ఇవ్వదు. వేలాడే బరువు ఊగుతుంది, నువ్వు తుమ్మితే గుంజుతుంది, కాలు జారితే మొత్తం ఒక్కసారి పడుతుంది. కిలో బరువు ఒక్క కుదుపులో ఎంత లాగుతుందో ఏ పట్టికలోనూ ఉండదు. అందుకే గ్రాములు రాసివ్వనన్నాను. లాగడమే కావాలనుకుంటే డాక్టరు చెప్పిన పరికరం వైపు పో, బరువు వైపు పోవద్దు. ఇది నా తీర్పు.

అయినా నువ్వు వింటావో వినవో నాకు తెలియదు. వయసులో నేనూ ఉన్నాను. నా మాట పక్కనపెట్టి చేయాలనే అనుకుంటే, కనీసం ప్రాణం పోయినా దాటకూడని గీతలు చెప్తాను. ఇవి నీ చేతికి అనుమతి పత్రం అనుకోవద్దు.

తాడు, రబ్బరు బ్యాండు, తీగ, ఇనుప నట్టు, ఉంగరం, ఇవేవీ దగ్గరికి రానివ్వకు. ఒక చేత్తో ఒక్క క్షణంలో ఊడిరాని పట్టు పట్టే కాదు. నిక్కి ఉన్నప్పుడు ముట్టుకోకు, నిక్కడం మొదలైతే వెంటనే తీసెయ్. అప్పుడు తొడుగు పలచబడి ఉంటుందని చెప్పాను కదా. మత్తు క్రీములు, మత్తు స్ప్రేలు పూసుకోవద్దు. నొప్పి ఒక్కటే నీ కాపలా, దాన్ని నువ్వే నిద్రపుచ్చితే ఇక ఎవరు లేపుతారు? మందు తాగి చేయకు. అన్నట్టు గుజరాత్‌లో మద్యనిషేధం ఉందని నువ్వు నాకు చెప్పనక్కర్లేదు, ఎవరి గదిలో ఏముంటుందో నాకు తెలుసు. పడుకొని చేయకు, పెట్టుకొని నిద్రపోవడం అన్నిటికంటే చెడ్డది. రాత్రి పాళీ దిగి వచ్చి, కళ్లు మూసుకుపోతున్నప్పుడు అసలు వద్దు.

కాలం సంగతి. మొదట్లో పది నిమిషాలకు మించి ఒక్క పట్టున ఉంచకు, ఆ పది నిమిషాల్లో కూడా రెండుసార్లు చూసుకో. రంగు మారిందా, చల్లబడిందా, వేలితో తాకితే తెలుస్తోందా అని. ముందుభాగాన్ని వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు మూడు క్షణాల్లో రంగు తిరిగి రావాలి. రాకపోతే తీసెయ్. తిమ్మిరి కొంచెం ఎక్కినా తీసెయ్. తిమ్మిరి అంటే అలవాటు పడుతోందని కొందరు చెప్తారట. తిమ్మిరి అంటే నరానికి రక్తం అందడం లేదని, అంతే.

పెంచడం గురించి నువ్వు అడిగిన దానికి నేను చెప్పగలిగింది ఇంత. కాలం, బిగువు రెండూ ఒకేసారి పెంచకు. పెంచే ముందు రెండు వారాలు ఏ గుర్తూ లేకుండా గడవాలి. మధ్యలో విశ్రాంతి రోజులు ఉండాలి, ఎందుకంటే లాగిన పోగులు సర్దుకోవడానికి సమయం కావాలి. ఏ చిన్న గుర్తు కనపడినా నిలిపెయ్. పూర్తిగా తగ్గాక కూడా, ఆపిన చోటికి కాదు, ఒక మెట్టు కిందికి రా. రెండోసారి అదే గుర్తు వస్తే అదే నీ హద్దు, అక్కడితో చాలించు. మొండితనం పనికివచ్చే చోట్లు వేరే చాలా ఉన్నాయి.

గుర్తులేవంటావా? చర్మం మీద ఎర్రటి చుక్కలు, నీటి పొక్కులు, కమిలిన మచ్చలు. పైవైపున శిర తాడులా గట్టిగా తగలడం. దీన్ని మాండార్ జబ్బు అంటారు, ఆ శిరలో రక్తం గడ్డకట్టడం. చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది గానీ, డాక్టరు చూసి చెప్పాలి, నువ్వు నలిపి చూడకూడదు. నిక్కినప్పుడు నొప్పి, కొత్తగా వంకర, లోపల గట్టి ముద్ద. మూత్రం ధార మారడం. అన్నిటికంటే నిజాయితీగా చెప్పేది తెల్లవారుజాము. ఆరోగ్యంగా ఉన్నవాడికి నిద్రలో, లేచేముందు దానంతట అది నిక్కుతుంది. అది వారం పాటు మందగిస్తే నీ శరీరం వద్దంటోందని అర్థం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, ఇదివరకే వంకర ఉన్నవాళ్లు అసలు ఆ దరిదాపులకే పోకూడదు. దక్షిణ గుజరాత్‌లో సికిల్ సెల్ ఎక్కువ, నీ గది మిత్రులలో ఆ ప్రాంతంవాడెవడైనా ఉంటే వాడికీ చెప్పు.

ఒకవేళ ఏదైనా ఇరుక్కొని ఊడకపోతే, అర్ధరాత్రి అయినా ఆగొద్దు. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. నూనె రాసి గుంజడం, గదిలో గ్రైండరుతో కోయడం వద్దు. 108కి కొట్టు. లేదా ఉమర్వాడాలోని స్మిమేర్, మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్, ఏది దగ్గరైతే దానికి పో. రెండుచోట్లా అత్యవసర విభాగం రాత్రంతా ఉంటుంది. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పు. కాపలావాడికి చెప్పక్కర్లేదు, డాక్టరుకు చెప్పు. ఎన్ని గంటలైంది అన్నది దాచకుండా చెప్పు.

ఇక పొడవు సంగతి. నీకెంత ఉందో నేను అడగను. కానీ కొలిచావా, కొలిస్తే సరిగా కొలిచావా? స్కేలును పైవైపున పెట్టి, ముందు ఎముకకు తగిలేదాకా కొవ్వును అదిమి, అక్కడి నుంచి కొస దాకా కొలవాలి. కింది నుంచి, పక్క నుంచి కాదు. ఎవడికైనా తనది పైనుంచి చూసుకుంటే పొట్టిగానే కనపడుతుంది, పక్కవాడిది ఎదురుగా చూస్తాడు కనుక పొడవుగా కనపడుతుంది. కొవ్వు తగ్గితే బయటకు కనపడేది పెరుగుతుంది. నీ పొట్ట సంగతి మీ అమ్మ నాకు ఇదివరకే చెప్పింది, కనుక గ్రాములు పెంచాలనుకున్నవాడివి కిలోలు తగ్గించు.

2015లో బ్రిటన్ వైద్యులు ఎన్నో దేశాల్లో డాక్టర్లు కొలిచిన 15,521 మంది లెక్కలు ఒకచోట చేర్చారు. నిక్కినప్పుడు సగటు పొడవు 13.12 సెంటీమీటర్లు, మెత్తగా ఉన్నప్పుడు 9.16. తెల్లవాళ్ల లెక్క మనకెందుకు అంటావని తెలుసు. 2007లో కేరళ వైద్యులు మన మనుషులు 301 మందిని కొలిచి లెక్క ప్రచురించారు. వాళ్లలో నిక్కినప్పుడు కొలిచినవాళ్ల సగటు 13.01. రెండూ దగ్గరదగ్గరే. సాగదీసిన పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లకు తక్కువ ఉంటేనే వైద్యులు దాన్ని చిన్నదిగా లెక్కగట్టి పరీక్షలు రాస్తారు, అట్లాంటివాళ్లు చాలా తక్కువ. నువ్వు ఫోన్లో చూసే సినిమాల్లో మనుషుల్ని ఆ కొలత చూసే ఎంచుకుంటారు. వాళ్లతో పోల్చుకోవడం దండగ.

2006లో అమెరికాలో 52,031 మందిని అడిగిన సర్వే ఒకటుంది. తమ మగవాళ్ల పొడవుతో తృప్తిగా ఉన్నామని చెప్పిన ఆడవాళ్లు 85 శాతం. తమది సరిపోతుందనుకున్న మగవాళ్లు 55 శాతమే. మన తెలుగులో డాక్టర్ సమరం గారు స్వాతి పత్రికలో ఏళ్ల తరబడి జవాబులిస్తున్నప్పుడు కూడా ఈ ప్రశ్న ఆగింది లేదు. అడిగేవాళ్లు మగవాళ్లే.

రైల్లో పోతుంటే ఊరి శివార్లలో గోడల మీద సున్నంతో రాసిన గుప్తరోగ దవాఖానాల పేర్లు చూస్తావు కదా. అక్కడికి పోయేది నీలాంటి పెళ్లికొడుకులే. మన దేశంలో 1954 నాటి చట్టం లైంగిక శక్తి పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. మందుల నియమాల్లో ఇంగ్లిషు జె అక్షరం షెడ్యూలు అని ఒకటుంది. అందులో లైంగికావయవం పరిమాణాన్ని, ఆకారాన్ని బాగుచేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని స్పష్టంగా ఉంది. అయినా గోడలు ఖాళీగా లేవు. ఆ నూనెలు, పొడులు, లేపనాల మీద నీ బోనసు డబ్బు పోసెయ్యొద్దు. పారఫిన్, సిలికాను లాంటివి సూదితో ఎక్కించేవాళ్ల ఊసే ఎత్తకు, అది గడ్డలై చర్మం కుళ్లి ఆపరేషన్ల దాకా పోతుంది. బంధనం కోసి పొడవు పెంచే ఆపరేషను ఒకటుంది. అది సురక్షితమని, పనిచేస్తుందని నిరూపణ కాలేదని అమెరికా యూరాలజీ సంఘం 1994 నుంచీ చెప్తోంది.

నువ్వు రాసిన మెసేజిలో చివరి వాక్యం చూసి నేను ఆగిపోయాను. "ఆమె నవ్వుతుందేమో" అన్నావు. నేను ఆ పిల్లను నిశ్చితార్థంలో చూశాను. సిరిసిల్లలో పెరిగి, ఇంత దూరం నీ కోసం రావడానికి ఒప్పుకుంది. ఆమెకు నీ మీద కొలతల దిగులు లేదు. కొత్త ఊరు, కొత్త భాష, అత్తగారు ఎట్లాంటిదో అన్న దిగులు ఉంది. పెళ్లికి ముందు రెండు నెలలు అంగానికి బరువు కట్టుకొని లెక్కపెట్టుకునే బదులు, వారానికి రెండుసార్లు ఆమెతో ఫోన్లో మాట్లాడు. మొదటి రాత్రి సరిగా జరగకపోతే కంగారు పడొద్దు. కంగారుతో నిక్కకపోవడం కుర్రాళ్లలో మామూలే, దానికీ పొడవుకూ సంబంధం లేదు. అది నెలలు గడిచినా పోకపోతే డాక్టరు ఉన్నాడు, మందు ఉంది.

ఇంకొకటి. రోజంతా దాని గురించే ఆలోచిస్తూ, అద్దం ముందు నిలబడుతూ, స్నేహితులతో ఈతకు కూడా పోకుండా ఉంటే, అది మనసు దగ్గర తేల్చుకోవాల్సిన సంగతి. దానికీ వైద్యులున్నారు. సిగ్గు లేదు.

ఆదివారం నీకు సెలవు. సోమవారం కూడా ఒక పూట అడిగి తీసుకో. ఆదివారం రాత్రి మా ఇంటికి వచ్చి పడుకో, సోమవారం పొద్దున ఇద్దరం కలిసి యూరాలజీ డాక్టరు దగ్గరికి పోదాం. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను, లోపలికి నువ్వొక్కడివే పో. ఇప్పటికే ఏదైనా కట్టి చూసి ఉంటే అది కూడా ఆయనకు చెప్పు. అప్పటిదాకా ఏమీ కట్టకు.

ఇట్లు,
మీ మామ